దుప్పటికి విధేయత పరీక్ష

ఖరగ్‌పూర్‌కు వరద భయం తక్కువ. ఎర్రటి రాతి మెట్ట మీద కట్టిన రైల్వే పట్టణమది. ఉత్తరాన కంసావతి పొంగినా, తూర్పున ఘాటాల్, పాంశ్‌కురా పల్లెలు నీట మునిగినా నిమ్‌పురా, మథురాకాటి క్వార్టర్ల గడప దాకా నది రాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకు వెళ్లి, తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ మెట్ట మీదే బతికాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే ప్రధానంగా వీళ్ల వల్లే. యుద్ధం నడుస్తున్న చోట వరద వస్తే, ఆపైన చలి కమ్ముకుంటే, నిరాశ్రయులకు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఈ పట్టణం నుంచి చూడటం మంచిది. ఎనిమిది దశాబ్దాల కిందట అక్కడికి వంద కిలోమీటర్ల లోపే అలాంటిదే జరిగింది.

1942 అక్టోబరు 16. దసరా రోజులు. బంగాళాఖాతం నుంచి లేచిన తుఫాను నాటి అవిభక్త మేదినీపూర్ జిల్లా తీరాన్ని కొట్టింది. కాంటాయి, తమ్లుక్ తాలూకాల మీదికి ఉప్పెన వచ్చింది. నాలుగు వందల యాభై చదరపు మైళ్ల నేలను సముద్రం ఊడ్చేసింది. మేదినీపూర్, 24 పరగణాల జిల్లాల్లో కలిపి 14,500 మంది మనుషులు, 1,90,000 పశువులు చనిపోయారని తర్వాత బెంగాల్ కరువు మీద వేసిన విచారణ సంఘం లెక్క. మన సార్వా లాంటి అమన్ వరి కోతకు ఇంకా కొద్ది వారాలే ఉంది. ఉప్పునీరు దాన్ని పొలంలోనే చంపేసింది. చెరువులు, బావులు ఉప్పుబారాయి. ఆ పైన చలికాలం. ఇల్లు లేదు, ధాన్యం లేదు, తాగే నీళ్లు లేవు. యుద్ధకాలపు కొరత వల్ల కప్పుకోవడానికి బట్ట కూడా దొరకని రోజులవి.

ఇంతవరకు ఇది ప్రకృతి చేసిన పని. ఆ తర్వాతది మనుషులు చేశారు.

తుఫానుకు ముందే ఆ తీరం ప్రభుత్వం దృష్టిలో శత్రు ప్రాంతం. జపాను సైన్యం బర్మాను గెలిచి తూర్పు సరిహద్దు దాకా వచ్చింది. శత్రువు చేతికి చిక్కకూడదని 1942 వేసవిలో తీర ప్రాంతాల నుంచి బియ్యం తరలించారు. పదిమందికి మించి ఎక్కగల పడవల్ని లాక్కున్నారు, కొన్నిటిని పగలగొట్టారు. కాలువలే దారులైన చోట పడవ పోతే చేపల వేట ఆగిపోతుంది, ధాన్యం కదలదు, పారిపోవడానికీ వీలుండదు. ఇంతలో ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. మేదినీపూర్‌లో అది తిరుగుబాటుగా మారింది. తంతి తీగలు తెగాయి, రోడ్లు తవ్వేశారు, ఠాణాల మీదికి జనం ఊరేగింపుగా వెళ్లారు. సెప్టెంబరు 29న తమ్లుక్‌లో డెబ్బై ఏళ్లు దాటిన మాతంగిని హజ్రా జెండా పట్టుకుని నడుస్తూ పోలీసు తూటాలకు నేలకొరిగింది. సైన్యం, పోలీసులు ఊళ్లలో ఇళ్లు తగలబెట్టారు. ఆ కాల్పులు జరిగిన సరిగ్గా పదిహేడు రోజులకు ఆ ఊళ్ల మీదే ఉప్పెన పడింది.

యుద్ధ రహస్యమంటూ తుఫాను వార్తను రోజుల తరబడి పత్రికల్లో రానివ్వలేదు. కలకత్తాకు తెలియకపోతే చందా ఎవరిస్తారు, డాక్టర్లను ఎవరు పంపుతారు? తిరగబడిన ఊళ్లకు సహాయం ఆపాలని, స్వచ్ఛంద సంస్థల్ని కూడా రానివ్వకూడదని జిల్లా యంత్రాంగం నుంచి పైకి సిఫార్సు వెళ్లిన సంగతిని ఆ కాలపు చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. బెంగాల్‌లోని ఫజ్లుల్ హక్ మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా ఉన్న శ్యామాప్రసాద్ ముఖర్జీ ఆ నవంబరులో రాజీనామా చేశారు. మేదినీపూర్ అణచివేత, అక్కడి బాధితుల పట్ల అధికారుల తీరు ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. ఆయన రాజకీయాలతో ఏకీభవించని వాళ్లు కూడా ఆ రాజీనామా పత్రాన్ని ఒకసారి చదవాలి. మంత్రిగా ఉన్న మనిషి తన సొంత ప్రభుత్వం మీద అలాంటి ఆరోపణ చేయడం మన దేశంలో తరచూ జరిగేది కాదు.

ఇక, దారి లేకే సహాయం చేరలేదన్న రవాణా సాకు సంగతి. కాంటాయికి రైలు లేని కాలమది. దిగాల్సిన స్టేషన్ ఖరగ్‌పూర్‌కు దక్షిణాన కాంటాయ్ రోడ్, ఇప్పటి బేల్దా. అక్కడి నుంచి ఊరికి యాభై కిలోమీటర్ల పైనే. దారి కష్టమే, కాదనను. కానీ రెండేళ్లు తిరక్కుండా అదే జిల్లాలో ఏం కదిలిందో చూడండి. ఖరగ్‌పూర్ చుట్టూ కలైకుండా, దుధ్‌కుండి, సాలువాల్లో భారీ అమెరికన్ బాంబర్ల కోసం రన్‌వేలు వేశారు. వేలమంది కూలీలు, రాయి, సిమెంటు, యంత్రాలు, పెట్రోలు అన్నీ సమకూరాయి. రాజకీయ ఖైదీల్ని నిర్బంధించిన హిజ్లీ భవనం 1944లో అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్‌కు ప్రధాన కార్యాలయమైంది. ఐఐటీ పుట్టింది ఆ భవనంలోనే. 1944 జూన్‌లో ఖరగ్‌పూర్ ప్రాంతం నుంచి బి-29లు బ్యాంకాక్ మీద బాంబులు వేయడానికి లేచాయి. మధ్యలో 1943 గడిచింది. బెంగాల్ కరువు పదిహేను లక్షల మందిని మింగిందని విచారణ సంఘం చెప్పింది. తర్వాతి పరిశోధకులు ముప్ఫై లక్షలు, ఆ పైన కూడా చెప్పారు. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో మేదినీపూర్ ఒకటి. సరుకు తరలించే శక్తి ఆ రాజ్యానికి ఉంది. ఎవరి కోసం తరలించాలన్న నిర్ణయంలోనే తేడా. ఆ రైళ్లు నడిపిన వాళ్లలో, వర్క్‌షాపులో పెట్టెలు బాగుచేసిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

1942లోనే మరో వైపు నుంచి కూడా తెలుగువాళ్లు నిర్వాసితులయ్యారు. ఉత్తరాంధ్రలో జనం ఖరగ్‌పూర్‌కు రైలెక్కిన ఊళ్ల నుంచే ఇంకెందరో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్లారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు కొండలు, అడవుల గుండా కాలినడకన తిరుగు ప్రయాణం పట్టారు. తెల్లవాళ్లకు మెరుగైన దారి, మిగతా వాళ్లకు మరో దారి కేటాయించారన్న నిరసన అప్పట్లోనే దేశమంతా వినిపించింది. బర్మా కొండల్లో చర్మం రంగు చూసిన ప్రభుత్వమే మేదినీపూర్‌లో విధేయత చూసింది.

ప్రభుత్వం వైపు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. సహాయం తిరుగుబాటుదారుల చేతికి పోతుంది, వాళ్లు దాంతో బలపడతారు అన్నది ఆ వాదన. మేదినీపూర్‌లో ఆ భయం ఊహాజనితం కాదు. 1942 డిసెంబరు 17న తమ్లుక్‌లో సతీశ్‌చంద్ర సామంత నాయకత్వంలో తామ్రలిప్త జాతీయ సర్కార్ ఏర్పడింది. దానికి విద్యుత్ వాహిని పేరుతో సొంత దళం, సొంత న్యాయస్థానాలు ఉన్నాయి. తుఫాను బాధితులకు అది సహాయం పంచింది, ధాన్యం దాచుకున్న సంపన్నుల చేత బయటికి తీయించింది. అది కూడా రాజకీయమే. ఎవరు అన్నం పెడితే వాళ్లదే ఊరు అన్న లెక్క ఆ పక్షానికీ తెలుసు. కానీ తేదీలు గమనించండి. ఉప్పెన అక్టోబరులో, సహాయానికి అడ్డంకులు అక్టోబరు, నవంబరుల్లో, పోటీ సర్కారు డిసెంబరులో. సహాయం ఆపడం ఒక్కటే దాని పుట్టుకకు కారణమని అనను, ఉద్యమం అప్పటికే రగులుతోంది. అయినా శత్రువును బలహీనపరచడానికి తిండి ఆపితే శత్రువు బలహీనపడలేదన్నది మాత్రం కళ్లముందున్న చరిత్ర. ఆ సర్కారు 1944 దాకా నడిచింది. మధ్యలో చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ వాహినిలోనూ లేని కూలీలు, బెస్తవాళ్లు, వాళ్ల పిల్లలు.

పోల్చుకోవడానికి మన దివిసీమ ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన కూడా కోతల వేళే వచ్చింది, వేలమందిని బలిగొంది. ప్రభుత్వ హెచ్చరికల్లో లోపాలున్నాయి, పంపిణీలో అవకతవకలు ఉన్నాయి. కానీ అక్కడ యుద్ధం లేదు. వార్త ఆగలేదు. ఆర్.ఎస్.ఎస్. వాళ్లు, కమ్యూనిస్టులు, క్రైస్తవ సంస్థలు, రామకృష్ణ మిషన్ ఎవరికి వాళ్లు వచ్చి శవాలు తీశారు, ఇళ్లు కట్టారు. నువ్వు ఎవరికి ఓటేశావని శిబిరం గుమ్మంలో ఎవరూ అడగలేదు. ఉప్పెన తర్వాత కరువు చావులు రాలేదు. రెండు ఉప్పెనల మధ్య తేడా గాలి వేగంలో లేదు.

ఇప్పుడు గాజా. అక్కడి ఇరవై ఒక్క లక్షల జనాభాలో దాదాపు పందొమ్మిది లక్షల మంది ఇళ్లు వదిలారని ఐక్యరాజ్యసమితి చెబుతూ వచ్చింది, చాలామంది ఒకటికి పదిసార్లు. వాళ్లలో ఎందరో చేరిన అల్-మవాసీ ఒక ఇసుక తీరం. అక్కడ మురుగు కాలువలు లేవు, వాన పడితే నీళ్లు గుడారాల్లోకే. 2024 డిసెంబరు చివర్లో చలికి పసికందులు చనిపోయారు. 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ మొదలైంది. డిసెంబరు రెండో వారంలో బైరన్ తుఫాను వచ్చేసరికి మళ్లీ వేల గుడారాలు నీళ్లలోనే ఉన్నాయి. బాంబులు తగ్గినా గుడారం మారలేదు.

చలికాలపు వరద సహాయంలో ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పిండి బస్తాకు సైనిక ఉపయోగం లేదు. అందుకే వాదించి వాదించి చివరికి పిండిని పోనిస్తారు. కానీ నీళ్లలో మునిగిన శిబిరానికి కావలసింది పంపులు, పైపులు, జనరేటర్లు, డీజిలు, పారలు, ఇనుప గొట్టాలు, పలకలు, మట్టిని ఎత్తు చేసే యంత్రాలు. ఇవన్నీ యుద్ధానికీ పనికొస్తాయన్న జాబితాలోకి సులువుగా చేరిపోయే సరుకులు. గుడారపు స్తంభాలకు కూడా ఇజ్రాయెల్ అడ్డు చెబుతోందని సహాయ సంస్థలు ఫిర్యాదు చేశాయి. మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల కప్పున్న చోటు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని అంతర్జాతీయ సహాయ సంస్థలు ప్రమాణాలు రాసుకున్నాయి. స్తంభమే దాటని సరిహద్దు దగ్గర ఆ ప్రమాణాలు కాగితాలే. రెండో చిక్కు క్యాలెండరు. అక్టోబరులో అడిగిన దుప్పటికి ఫిబ్రవరిలో అనుమతి వస్తే రికార్డుల్లో అది సహాయమే, పిల్లవాడి ఒంటి మీద కాదు. అందుకే ఎన్ని కోట్లు ప్రకటించారు, ఎన్ని లారీలు బయల్దేరాయి అన్న లెక్కలు నాకు నమ్మకం కలిగించవు. ఏ సరుకు ఏ తేదీన గేటు దాటింది, ఏ సరుకు ఎందుకు వెనక్కి పోయింది అన్న లెక్క కావాలి.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా ఏమీ లేదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం ప్రకారం ఆక్రమిత ప్రాంతంలో జనానికి సరుకులు చాలనప్పుడు ఆక్రమించిన రాజ్యం సహాయ పథకాలకు అంగీకరించి తీరాలి. సరుకును తనిఖీ చేసుకునే హక్కు కూడా ఆ ఒప్పందమే ఇచ్చింది. ఆయుధాలు దొంగచాటుగా పోతాయన్న భయానికి జవాబు అక్కడే ఉంది: వెతుక్కో, ఆపకు. అంతర్జాతీయ న్యాయస్థానం 2025 అక్టోబరు 22న ఇచ్చిన సలహా అభిప్రాయంలో ఇజ్రాయెల్‌కు ఈ బాధ్యతనే గుర్తుచేసింది. ఆ యుద్ధానికి తక్షణ కారణమైన 2023 అక్టోబరు 7 నాటి హమాస్ హత్యాకాండను, బందీల అపహరణను ఎవరైనా ఖండించాల్సిందే. ఆ ఖండన మవాసీలో తడిసిన చాప మీద పడుకున్న పాపకు వర్తించదు.

మరి మన దేశం? 2023 అక్టోబరు 22న ఆరున్నర టన్నుల మందులు, ముప్ఫై రెండు టన్నుల సామగ్రితో వాయుసేన విమానం ఈజిప్టులోని ఎల్-అరీష్‌కు వెళ్లింది. పాలస్తీనా శరణార్థుల ఐరాస సంస్థకు ఏటా యాభై లక్షల డాలర్లు ఇచ్చాం. ఇవి మంచి పనులు. కానీ 2025 జూన్ 12న ఐరాస సర్వసభ్య సభలో తక్షణ కాల్పుల విరమణ, బందీల విడుదల, సహాయానికి ఆటంకాల తొలగింపు కోరిన తీర్మానం వచ్చింది. ఆకలిని యుద్ధ సాధనంగా వాడటాన్ని అది ఖండించింది. 149 దేశాలు బలపరిచాయి. పన్నెండు వ్యతిరేకించాయి. ఓటు వేయకుండా కూర్చున్న పందొమ్మిది దేశాల్లో భారత్ ఒకటి. చర్చల ద్వారానే శాశ్వత శాంతి అన్న మన వివరణ దౌత్యంలో చెల్లుతుందేమో. మేదినీపూర్‌ను చూసిన దేశం నోట మాత్రం అది బలహీనంగా వినిపించింది. వలస ప్రభుత్వం అన్నాన్ని ఆయుధం చేసిందని పాఠ్యపుస్తకాల్లో రాసుకుని, మరొకరు అదే చేసినప్పుడు తటస్థంగా ఉండటం కుదరదు. తటస్థత సహాయం పంచేవాడికి ఉండాల్సిన గుణం, సహాయం ఆపేవాడిని చూస్తున్న ప్రభుత్వానికి కాదు.

ఖరగ్‌పూర్‌లో, విశాఖలో, హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న తెలుగు సంఘాలు విపత్తు వస్తే చందాలు బాగానే పోగుచేస్తాయి. చందాతో పాటు ఇంకో పని కూడా చేయండి. మీ ఎంపీకి ఉత్తరం రాయండి. రానున్న పార్లమెంటు సమావేశాల్లో విదేశాంగ మంత్రిని రెండు ప్రశ్నలు అడగమనండి: భారత్ పంపిన సరుకులో ఎంత, ఏ తేదీన గాజాలోకి చేరింది? సహాయానికి అడ్డులేని దారి కోరే తీర్మానం మళ్లీ వస్తే మన ఓటు ఎటు?