మానుతున్న చేతిని తొందరపెట్టవద్దు



సెమీ క్రిస్మస్ సభల కాలం మళ్ళీ దగ్గరపడింది. ఎవరు పాడతారు, ఎవరు వాయిస్తారు, ఫ్లెక్సీలో ఎవరి పేర్లు వేయాలి అని యౌవనస్థులు అప్పుడే అడుగుతున్నారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా పోయిన డిసెంబరులో మనం చేసిన పొరపాటు గుర్తుకు వస్తోంది. దాన్ని దాచిపెట్టుకుని ఇంకో పండుగ చేసుకోవడం మంచిది కాదని, ఈ వారం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన సంఘములో గిటారు వాయించే తమ్ముడు మీకందరికీ తెలిసినవాడే. వారమంతా టైల్స్ పని చేస్తాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో రిసెప్షన్లకు, డిసెంబరులో చుట్టుపక్కల ఊళ్ళ సభలకు బ్యాండుతో వెళతాడు. ఇంట్లో చీటీ కట్టేది ఆ డబ్బులతోనే. పోయిన అక్టోబరు మొదట్లో కటింగ్ మిషను జారి అతని ఎడమ అరచేయి తెగింది. చూపుడువేలు, మధ్యవేలు ముడుచుకోవడం మానేశాయి. గిటారు వాయించేవాడికి ఎడమచేయి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తీగలను మెట్ల మీద నొక్కి కార్డులు పట్టేది ఆ చెయ్యే.

వేళ్ళను లోపలికి లాగే తాళ్ళవంటి వాటిని డాక్టర్లు టెండాన్లు అంటారు. మనం వాడుకలో నరాలు అనేస్తాం. తెగినవాటిని ఆపరేషను చేసి కుట్టారు. కుట్టిన టెండాను మొదటి వారాల్లో చాలా బలహీనంగా ఉంటుంది, గట్టిగా లాగితే మళ్ళీ తెగుతుంది. పోనీ అని అసలు కదపకుండా ఉంచితే చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోయి వేలు బిగుసుకుపోతుంది. అందుకే ఎంత కదపాలో ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పాలి, మనం అంతే కదపాలి. మామూలుగా 6 వారాల వరకు స్ప్లింటు ఉంటుంది. బలం పెట్టే పనులకు 12 వారాలు ఆగమంటారు. అతనికీ అలాగే చెప్పారు.

మరి మనం ఏం చేశాం? తొమ్మిదో వారంలో సెమీ క్రిస్మస్ పెట్టుకుని, అతన్ని అడగకుండానే ఫ్లెక్సీలో ఫోటో వేశాం. స్ప్లింటు తీశారు కదా, వాయిస్తాడులే అనుకున్నాం. అతను వచ్చి, “అయ్యగారూ, ఇంకా బలం రాలేదండి” అన్నాడు. “రెండు పాటలకే గదా తమ్ముడూ” అన్నాము. ఆ రాత్రి రెండు పాటలు ఆరయ్యాయి. పాడే అక్క ఊపులో శ్రుతి పెంచింది. కీబోర్డు వాళ్ళకు ట్రాన్స్‌పోజ్ బటను ఉంది, నొక్కారు, సరిపోయింది. ఇతనికేమో మంచులో చల్లబడిన వేళ్ళు తప్ప మరేమీ లేదు. చూపుడువేలిని ఆరు తీగల మీద అడ్డంగా పరిచి నొక్కే కార్డులు పట్టాల్సి వచ్చింది. మనం చప్పట్లు కొట్టాం. మరునాటికి చెయ్యి వాచింది. దేవుని కృప, టెండాను తెగలేదు. కానీ మానుతున్న చెయ్యి కొన్ని వారాలు వెనక్కి పోయింది. సంక్రాంతి తరువాత పెళ్ళిళ్ళకు అతను వెళ్ళలేకపోయాడు.

ఇందులో తప్పు అతనిది కాదు. కాదనలేని స్థితిలో అతన్ని నిలబెట్టింది మనమే.

మార్కు సువార్త మూడవ అధ్యాయములో ఊచచెయ్యి గలవాని సంగతి మనం ఎన్నోసార్లు ధ్యానించాం. ఆ విశ్రాంతిదినాన సమాజమందిరములో ఉన్నవారిలో కొందరు, యేసు అతన్ని బాగుచేస్తాడేమో, నేరము మోపుదాము అని కనిపెట్టుకుని ఉన్నారు. వారికి ఆ చెయ్యి ఒక అవసరం. ఆ చెయ్యి గల మనిషి, అతని ఇల్లు, అతని కూలి వారికి పట్టలేదు. ప్రభువు మాత్రం మనిషిని చూశాడు. పోయిన డిసెంబరులో మనం ఆ కొందరి వరుసలోనే కూర్చున్నాం. మన అవసరం పండుగ, అంతే తేడా.

వేదిక మీద వాయించడం, ఇంట్లో మంచం మీద కూర్చుని వాయించడం ఒకటి కాదని కూడా మనం తెలుసుకోవాలి. ఇంట్లో నొప్పి పుడితే ఆపేస్తాడు. వేదిక మీద పాట మధ్యలో ఆపలేడు. జనాన్ని చూసిన ఉత్సాహంలో నొప్పి అప్పటికి తెలియదు, ఇంటికి వెళ్ళాక తెలుస్తుంది. బాక్సుల మోతలో తన శబ్దం తనకు వినపడక మామూలుకన్నా గట్టిగా నొక్కుతాడు. “వాయిస్తేనే గదా వేళ్ళు తిరిగేది” అని మన పెద్దలు అంటారు. అందులో నిజం ఉంది. అయితే అది డాక్టరు సరేనన్నాక, ఇంట్లో పది నిమిషాలు వాయించి, చేతికి విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ పది నిమిషాలు వాయించడానికి వర్తించే మాట. మూడు గంటల సభకు కాదు.

“దేవుని పని చేస్తుంటే దేవుడే చూసుకుంటాడు” అని ఇంకొందరు అంటారు. మనమూ అన్నాం. దేవాలయ శిఖరము మీద నిలబెట్టి దూకమన్నవాడు కూడా దేవుడు చూసుకుంటాడనే చెప్పాడు. ప్రభువు దూకలేదు. డాక్టరు చెప్పిన వారాలు లెక్కపెట్టుకుని ఆగడం అవిశ్వాసం కాదు.

దీనికి ఎదురుగా ఇంకొక తప్పు ఉంది. “ఇక అతని పని అయిపోయింది, వేరే కుర్రాణ్ణి చూద్దాం” అనేయడం. ఈ మాట కూడా మన మధ్య వినపడింది. అందుకే ఇద్దరి సంగతి చెబుతాము. ఇద్దరూ సంఘపు వాద్యకారులు కారు.

మొదటివాడు జాంగో రైన్‌హార్ట్. 1928లో పారిస్ శివారులో అతను కాపురమున్న బండి అంటుకుంది. ఎడమచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు కాలి ముడుచుకుపోయాయి. నెలల తరబడి మంచంలోనే ఉన్నాడు. లేచాక, మిగిలిన రెండు వేళ్ళతో ఏ దారిన పోతే ఏ స్వరం దొరుకుతుందో మొదటినుంచి వెతుక్కున్నాడు. 1934లో స్టెఫాన్ గ్రాపెల్లి అనే వయొలిన్ విద్వాంసుడితో కలిసి పారిస్‌లో కట్టిన బృందంతో లోకానికి తెలిశాడు.

రెండవవాడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కుర్రాడు టోనీ అయోమీ. 17 ఏళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో, పని మానేసే చివరి రోజున, మిషనులో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోయాయి. అతనిది ఎడమచేతివాటం, కాబట్టి తీగలు నొక్కే చెయ్యి కుడిదే. ఇక వాయించలేనని కుంగిపోయిన రోజుల్లో ఫ్యాక్టరీలో అతని పై అధికారి జాంగో రికార్డు ఒకటి తెచ్చి వినిపించాడు. ఆ తరువాత ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికొనలకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు, సన్నని తీగలు వేసుకున్నాడు. అతని బృందం బ్లాక్ సబ్బాత్. ఆ పేరూ ఆ పాటలూ మన సంఘాలకు సరిపడవు, వినమని చెప్పడం లేదు. కానీ ఆ పై అధికారి చేసిన పని గమనించండి. “రేపటి ప్రోగ్రాముకు రా” అనలేదు, “నీ పని అయిపోయింది” అనలేదు. దెబ్బతిన్న చేతితో వాయించినవాడు ఇంకొకడు ఉన్నాడని వినిపించి ఊరుకున్నాడు.

మన తమ్ముడు ఈస్టరు ఉదయపు ఆరాధనలో తిరిగి వాయించాడు. ఈసారి మనం పిలవలేదు, అతనే వచ్చి అడిగాడు. సన్నని తీగలు వేసుకున్నాడు. కేపో బిగించి, అడ్డంగా నొక్కే కార్డులు లేకుండా జి, సి, డి లాంటి తేలిక కార్డులతోనే సర్దుకున్నాడు. రెండు పాటలయ్యాక దిగి బెంచీ మీద కూర్చున్నాడు. మునుపటి వేగం లేదు, అక్కడక్కడ ఒక తీగ సరిగ్గా పలకలేదు కూడా. యబ్బోకు రేవు దగ్గర యాకోబు ఆశీర్వాదము పొంది బయలుదేరినప్పుడు కుంటుతూనే నడిచాడు. తెల్లవారిన తరువాత అతన్ని చూసినవారు, ఇదేమి ఆశీర్వాదమని అనుకుని ఉండవచ్చు. మనం అలా అనుకోకూడదు. మునుపటిలా వాయిస్తేనే స్వస్థత అని లెక్కగడితే, ఆ ఉదయం మన మధ్య జరిగినదాన్ని మనం చూడనట్టే.

కాబట్టి ఈ సంవత్సరం కొన్ని సంగతులు పాటిద్దాం. వాయించేవాణ్ణి అడగకుండా ఫ్లెక్సీలో పేరు వేయవద్దు. అతను రెండు పాటలంటే రెండే. శ్రుతి ముందే అనుకుని, వేదిక మీద మార్చకుండా పాడదాం. పక్కన ఇంకొక గిటారు ఉండాలి. చెయ్యి అలసితే అతను నిస్సంకోచంగా ఆపగలగాలి. ఈ ఏడు గిటారు నేర్చుకుంటున్న పిల్లలిద్దరిని అతని పక్కనే కూర్చోబెడదాం, వేళ్ళు నొక్కలేని చోట నోరు నేర్పిస్తుంది.

ఇంకొకటి ఉంది, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చెయ్యి మానే నెలల్లో టైల్స్ పని లేదు, బ్యాండు డబ్బులు లేవు. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు పట్నం పోయిరావడానికి బస్సు ఛార్జీలు అతని భార్య కూలి డబ్బుల్లోనుంచి వచ్చాయని మనకు ఆలస్యంగా తెలిసింది. అతని కొరకు ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన చేశాం, కానీ ఛార్జీలు ఎవరిస్తున్నారని ఒక్క శుక్రవారమూ అడగలేదు. సంఘపు కానుకలలోనుంచి ఇటువంటి అవసరానికి కొంత ప్రత్యేకించాలని రాబోయే పెద్దల కూటములో ప్రతిపాదిస్తున్నాము. అతని చీటీ రెండు వాయిదాలు ఇంకా బాకీ ఉన్నాయి. మొదట అవి కడదాం.

తమ్ముడికి ఈ రాత చూపించి, అతను సరేనన్నాకే మీ ముందు పెడుతున్నాము. చదివి నవ్వి, “ఫ్లెక్సీలో ఫోటో మాత్రం వద్దండి అయ్యగారూ” అన్నాడు. వేయము.

ప్రభువు మన చేతులను, వాటితో మనం చేసే పనిని దీవించును గాక. ఆమేన్.