అరవై దాటాక ఓనమాలు

ఈ వయసులో ఈత నేర్చుకోవడమేమిటని మా ఈడువారు కొందరు అడుగుతున్నారు. నా దృష్టిలో అడ్డు వయసు కాదు, పెద్దరికం. మా ఉపాధ్యాయ వర్గానికి మరీను. మూడు దశాబ్దాలు నల్లబల్ల ముందు నిలిచి తప్పులు దిద్దినవారికి, దిద్దించుకొనే చోట నిలవడం ప్రాణసంకటం.

నీటిలో పాండిత్యం అక్కరకు రాదు. తల పైకెత్తితే కాళ్లు మునుగుతాయి. ముఖం నీటిలో ఉంచి మెల్లగా ఊపిరి వదలాలి, పక్కకు తిరిగి గాలి పీల్చుకోవాలి. ఈ సంగతి బుద్ధికి నిమిషంలో బోధపడుతుంది. నా మెడకు బోధపడటానికి మూడు వారాలు పట్టింది. (చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో పేరుకే 'బాల' ఉన్నది; పెద్దలకూ చెమటలు పట్టిస్తుంది. ఈతకొలనులో మాత్రం నేను అచ్చంగా బాలుడినే.)

పూర్వం పల్లెల్లో పిల్లల నడుముకు బెండ్లో, ఎండు సొరబుర్రలో కట్టి బావిలో దింపేవారు. అది చూసి ఎవరూ నవ్వేవారు కారు. అవి కొన్నాళ్లు ఉండవలసినవేనని అందరికీ తెలుసు. అటువంటి ఆధారాన్నే అరవై దాటినవాడు పట్టుకొంటే నామోషీ ఎందుకు? నీరు దేహభారాన్ని మోస్తుంది, కీళ్లకు ఊరట. మోకాళ్ల నొప్పులకు ఈత మంచిదని వైద్యులు చెప్పినా, ఆ నామోషీతోనే గట్టు దిగని మిత్రులు నాకున్నారు. అది నాకు బాధ కలిగిస్తుంది.

మాకు నేర్పే కుర్రవాడు మొదట్లో నా తప్పు చెప్పడానికి మొహమాటపడేవాడు. "నాయనా, ఇక్కడ గురువువు నీవే, నిర్మొహమాటంగా చెప్పు" అన్నాను. నిన్న గట్టు మీదనుంచి కేకపెట్టాడు: "మోకాళ్లు అంతగా వంచకండి సార్, తుంటి నుంచి ఆడించండి!"