నంబర్ జిందా, ప్రాసెస్ ముర్దా

పోయిన వారం ఒక దోస్త్‌తో గట్టి ఝగ్డా అయింది. వాడు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు, సీ భాషలో ఇరవై ఏళ్ల తజుర్బా. నేను డెస్కులో వార్తలు దిద్దుకునేవాణ్ని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత తెలుగు డిగ్రీ. ఈ రెండు కాగితాలతో నౌకరీ ఎవడిస్తాడని అబ్బా ఫికర్ పడి అమీర్‌పేటలో సీ కోర్సులో చేర్పిస్తే, అక్కడ ఆరు నెలల్లో అబ్బిన ఇల్మ్ నాది. అంతకు మించి నా హైసియత్ ఏమీ లేదు. అయినా ఈ ఒక్క విషయంలో వాడు గలత్, నేను సహీ. రాతపూర్వకంగా చెప్తున్నా.

ఝగ్డా దేని మీదంటే, ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటుంది. అది చచ్చిందా, బతికుందా అన్న ఖబర్ ఇంకో ప్రోగ్రామ్‌కి అందాలి. అదీ లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా ఒకే సీ కోడ్‌తో. దోస్త్ అంటాడు: "ఇందులో ఏముంది మియా? ప్రాసెస్ నంబర్ ఒక ఫైల్లో రాసిపెట్టు. అప్పుడప్పుడూ ఆ నంబర్ ఉందా అని సిస్టమ్‌ని అడుగు. మూడు సిస్టమ్‌లకి మూడు ఇఫ్‌డెఫ్‌లు. పది లైన్ల పని." ఆ పది లైన్లకి అందరూ దాదాపు ఒకటే పేరు పెడతారు, ఈజ్_ప్రాసెస్_అలైవ్ అని. నంబర్ ఇస్తే హా అంటుంది, లేదా నై అంటుంది.

ఆ ఫంక్షన్ అసలు ఉండనేకూడదని నా వాదన. దాని వల్ల ఒక గరీబు మనిషి జీతం కోత పడడం కళ్లారా చూశాను.

చాలా ఏళ్ల కిందటి కిస్సా. పత్రిక పేరు అక్కర్లేదు. రాత్రి పేజీలు తయారయ్యాక వాటిని ప్రెస్సుకి పనికొచ్చేలా మార్చే ప్రోగ్రామ్ ఒకటి లినక్స్ మిషన్ మీద నడిచేది. దానికి పహరా కాసే ప్రోగ్రామ్ ఇంకోటి. మొదటిది చస్తే మళ్లీ లేపడం పహరాదారు జిమ్మేదారీ. చచ్చిందని తెలుసుకునే తరీఖా మా దోస్త్ చెప్పిందే, నంబర్ ఫైలు. ఒక రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో ఖతం. కరెంటొచ్చాక మిషన్ లేచింది. పాత నంబర్‌తో ఆ ఫైలు డిస్కు మీద అట్లనే ఉంది. పహరాదారు లేచి ఫైలు చూసింది, ఈ నంబర్ వాడు ఉన్నాడా అని కెర్నెల్‌ని అడిగింది. ఉన్నాడంది కెర్నెల్. అది అబద్ధం కూడా కాదు. ఆ నంబర్ ఈసారి ఇంకేదో సర్వీసుకి దక్కింది, అది హాయిగా నడుస్తోంది. ఇంకేం, "చల్ రహా హై" అనుకుని పహరాదారు కూర్చుంది. పేజీలు వరసలో పేరుకుపోయాయి. జిల్లా కట్టలు ఎక్కాల్సిన బస్సులు కట్టలు లేకుండానే వెళ్లిపోయాయి.

తెల్లారి దర్యాప్తు. రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్ భాయ్ ఒకటే మాట మీద నిలబడ్డాడు. "ప్రోగ్రామ్ నడవలేదు సార్, పేజీలు కదల్లేదు, నేను ఫోన్ మీద ఫోన్ చేసినా." వాళ్లు లాగ్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టారు. నిమిషం నిమిషానికీ "నడుస్తోంది", "నడుస్తోంది" అని గవాహీ. మిషన్ ఝూట్ చెప్తుందా? మెమో ఇచ్చారు, మూడు రోజుల జీతం కోశారు. నేను అదే గదిలో ఉన్నా. నోరు తెరవలేదు, ఎందుకంటే నాకూ లాగ్ మీదే భరోసా. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద ఆ కోడ్ తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. అప్పటికి భాయ్ నౌకరీ వదిలేసి వెళ్లిపోయాడు.

దోస్త్ ఇదంతా విని "లాఖ్‌లో ఒకటి" అన్నాడు. లెక్క చూద్దాం. మిషన్ లేచిన ప్రతిసారీ ప్రాసెస్ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. లేచేటప్పుడు మొదలయ్యే సర్వీసులు రోజూ దాదాపు అదే వరసలో మొదలవుతాయి కాబట్టి నంబర్లు కూడా అదే ఇలాకాలో పడతాయి. నిన్న మన ప్రోగ్రామ్‌ది అయిన నంబర్ ఇవాళ పక్కవాడిది కావడానికి లాఖ్ సార్లు అక్కర్లేదు, ఒక కరెంటు కోత చాలు. మిషన్ ఆగకుండా నడిచినా అంతే. లినక్స్ కెర్నెల్ డిఫాల్ట్ హద్దు 32,768. అది దాటితే మొదటి నుంచి ఖాళీ నంబర్లు ఏరుకుంటూ వస్తుంది. సెకనుకి నాలుగు చిన్న కమాండ్లు నడిపే స్క్రిప్టు ఒక్కటి ఉంటే గంటకి 14,400 నంబర్లు తినేస్తుంది, రెండున్నర గంటల్లో చక్రం పూర్తి. 64 బిట్ల మిషన్‌లో హద్దుని 41,94,304 దాకా పెంచుకోవచ్చు. పెంచితే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, ఆగదు. రీబూట్‌కయితే ఆ పెద్ద హద్దుతో పనే లేదు.

ఇక ఆ అడిగే పద్ధతి. యునిక్స్ ఖాందాన్‌లో దాన్ని కిల్(నంబర్, 0) అంటారు. పేరు చూసి భయపడొద్దు, సున్నా పంపితే ఎవర్నీ చంపదు, ఉన్నాడో లేడో చూసి చెప్తుంది. లేకపోతే ఈఎస్‌ఆర్‌సీహెచ్ అనే ఎర్రర్ వస్తుంది. వేరే యూజర్‌ది అయితే ఈపర్మ్ వస్తుంది, అంటే ఉన్నాడు గానీ వాణ్ని తాకే ఇజాజత్ నీకు లేదని. చాలామంది ఈ రెంటినీ కలిపి "ఎర్రర్ వచ్చింది, చచ్చింది" అని రాస్తారు. బతికున్నవాణ్ని పాతిపెట్టేది ఇలాగే.

దీని రివర్స్ ఇంకా మజేదార్. మన ఊళ్లలో పట్టాదారు పోతే భూమిని వారసుల పేరు మీదికి ఎక్కించడాన్ని ఫౌతీ అంటారు. ఫౌత్ అంటే ఉర్దూలో చావు. తెలుగు రైతు ఉర్దూ అని తెలియకుండానే వాడుకునే మాట. ఫౌతీ కానంత కాలం చచ్చిపోయిన తాత పేరు మీదే పహాణీ నడుస్తుంటుంది. యునిక్స్‌లో సరిగ్గా ఇదే హాల్. ప్రాసెస్ చచ్చాక దాని మెమరీ, ఫైళ్లు అన్నీ కెర్నెల్ వాపస్ తీసుకుంటుంది గానీ, పట్టికలో పేరు, ఎలా చచ్చిందన్న కోడ్ మాత్రం ఉంచుతుంది. దాన్ని పుట్టించిన మాతృ ప్రాసెస్ వచ్చి వెయిట్‌పిడ్ అని పిలిచి ఆ కోడ్ తీసుకున్నాకే పేరు కొట్టేస్తుంది. అప్పటిదాకా దాన్ని జాంబీ అంటారు. మరి కిల్(నంబర్, 0) ఆ జాంబీని చూసి ఏమంటుంది? ఉన్నాడంటుంది! మయ్యత్ ముందు నిలబడి హాజరు వేసినట్టు. మాతృ ప్రాసెసే ముందు పోతే సాధారణంగా 1వ నంబర్ ప్రాసెస్ యతీములని దగ్గరికి తీసుకుని ఫౌతీ పని చూస్తుంది. కానీ మాతృ ప్రాసెస్ బతికుండి బద్ధకంగా ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు.

విండోస్ వాళ్లు నవ్వక్కర్లేదు. అక్కడ గెట్‌ఎగ్జిట్‌కోడ్‌ప్రాసెస్ అని పిలిచి, 259 వస్తే ఇంకా నడుస్తోందని రాసుకుంటారు. స్టిల్_యాక్టివ్ అంటే ఆ అంకె. ప్రోగ్రామే పోతూ పోతూ 259 అనే కోడ్ ఇచ్చి పోతే? ఖయామత్ దాకా బతికున్నట్టే లెక్క.

సీ భాషని ఇల్జామ్ చేయడం ఫుజూల్. 1989 స్టాండర్డ్‌కి "ఇంకో ప్రాసెస్" అన్న ఊహే దాదాపు లేదు. సిస్టమ్() అని ఒక కమాండ్ నడిపించుకోవడం తప్ప. మిగతాదంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ల మర్జీ. కానీ ఆ సిస్టమ్‌లు మంచి దారులే ఇచ్చాయి. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ నుంచే హ్యాండిల్ ఉంది. అది పట్టుకుని వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్ అని కూర్చుంటే ప్రాసెస్ పోగానే లేపుతుంది. హ్యాండిల్ వదిలేదాకా ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వదు. ఫ్రీబీఎస్‌డీలో 2000 నుంచి కేక్యూ ఉంది, మ్యాక్‌లోనూ అదే. ఫలానావాడు పోతే చెప్పమని ఒకసారి పేరు రాయిస్తే చాలు. లినక్స్ మాత్రం 2019లో 5.3 వెర్షన్‌తో గానీ పిడ్ఎఫ్‌డీ_ఓపెన్ ఇవ్వలేదు. దేర్ ఆయే. ఇప్పుడైతే మూడింట్లోనూ నిద్ర లేపే ఏర్పాటు ఉంది. ఒక షరతు. ఇవన్నీ కూడా నంబర్ నుంచే మొదలైతే పాత ధోకా మొదట్లోనే దూరొచ్చు. అందుకే ముందు పట్టుకో, తర్వాత అది నీవాడేనా అని పుట్టిన టైము చూసి తస్దీక్ చేసుకో. నువ్వే పుట్టించి, ఇంకా వెయిట్‌పిడ్ పిలవకపోతే ఆ షక్ కూడా లేదు.

జీలిబ్ అనే లైబ్రరీ చూడండి. అందులో జీపిడ్ అనే టైపు యునిక్స్‌లో నంబర్, విండోస్‌లో హ్యాండిల్. పని అయ్యాక జీ_స్పాన్_క్లోజ్_పిడ్ పిలవాలి. యునిక్స్‌లో అది ఏమీ చేయదు, విండోస్‌లో హ్యాండిల్ వదుల్తుంది. అంటే రాసినవాళ్లు బలమైన చోటు ఖాయిదాని అందరికీ పెట్టారు. మా దోస్త్ లాంటివాళ్లు మూడింట్లో కమజోర్ పద్ధతి ఏదో వెతికి, దానికి ఒక మంచి పేరు పెట్టి, క్రాస్ ప్లాట్‌ఫామ్ అంటారు.

"నా ప్రోగ్రామ్ పోయేటప్పుడు తనే ఫైలు చెరిపేసి పోతుంది, యాట్‌ఎగ్జిట్ పెట్టా" అన్నాడు. చచ్చేవాడే తన ఇంతెఖాల్ వార్త డెస్కుకి తెచ్చిచ్చి పోవాలన్నమాట! సిగ్‌కిల్ పడితే యాట్‌ఎగ్జిట్ నడవదు. మెమరీ చాలక కెర్నెల్ చంపేస్తే నడవదు. కరెంటు పోతే ఏదీ నడవదు.

"పోనీ, సెకనుకోసారి బతికున్నానని సందేశం పంపిస్తా." అబ్బా పింఛన్ కోసం ప్రతి నవంబర్‌లో బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇస్తాడు. ఒక ఏడు ఆస్పత్రిలో ఉండి ఇవ్వలేకపోయాడు, పింఛన్ ఆగింది. చావుకీ ఆలస్యానికీ ఫరక్ తెలియని తరీఖా అది. వేరే ఊళ్లోని మిషన్ గురించైతే అంతకు మించి దారి లేదు, మజ్బూరీ. ఒకే మిషన్‌లో, ఒకే కెర్నెల్ కింద ఉన్న ఇద్దరికి ఆ మజ్బూరీ ఎందుకు?

మూడు చోట్లా పనిచేసే పాత ఇలాజ్ రెండున్నాయి, కొత్త కెర్నెల్ కూడా అక్కర్లేదు. ఒకటి తాళం. నడిచే ప్రోగ్రామ్ ఒక ఫైలు తెరిచి దాని మీద లాక్ వేసి కూర్చోవాలి. అది ఎలా చచ్చినా లాక్‌ని సిస్టమే తీసేస్తుంది, విండోస్‌లో కాస్త ఆలస్యమైనా సరే. రీబూట్ అయితే ఫైలు మిగులుతుంది గానీ లాక్ మిగలదు. మా భాయ్‌ని కాపాడేది ఇదే. ఒక జాగ్రత్త: ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాక్ అయితే అదే ప్రోగ్రామ్ ఆ ఫైలుని ఇంకోసారి తెరిచి మూసినా లాక్ పోతుంది. రెండోది పైపు. పహరాదారు పైపు చేసి, రాసే కొస పిల్లకిచ్చి, తన దగ్గరున్న ఆ కొస మూసేసి, చదివే కొస దగ్గర కాచుకోవాలి. పిల్ల ఎలా పోయినా కెర్నెల్ ఆ కొస మూస్తుంది, ఇటు ఫైలు అంతమైందని తెలుస్తుంది. విండోస్‌లో పైపు తెగిందన్న ఎర్రర్ వస్తుంది. నంబర్ ఊసే లేదు.

దోస్త్ ఆ రోజు ఒప్పుకోలేదు. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్: "పైపు పెట్టినా మియా. పిల్లని చంపినా ఖబర్ రావట్లేదు. నీ తరీఖా బేకార్." ఏం నడుపుతోంది నీ పిల్ల అని అడిగా. ఇంకో కన్వర్టర్‌ని లేపుతుందట. అదీ సంగతి. పిల్ల పోయినా మనవడు ఆ కొస పట్టుకుని కూర్చున్నాడు. పిల్ల మొదలవగానే దాని మీద ఎఫ్‌డీ_క్లోఎగ్జెక్ పెట్టమని రాశా. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.