వార్తాసంస్థల్లో ఇంటిచాకిరీ

విలేకరి అంటే అందరికీ తెలుసు. సబ్ ఎడిటర్ అంటే కొంతమందికి తెలుసు. నా ఉద్యోగం పేరు చెబితే మాత్రం మా బంధువులే కాదు, పత్రికల్లో పనిచేసే స్నేహితులు కూడా "ఫేస్‌బుక్కులో పెడుతుంటావు, అంతేగా?" అంటారు. అంతర్జాతీయ వార్తలిచ్చే సంస్థల్లో పాఠకులతో సంబంధాలు చూసే పని నాది. ఆడియన్స్ ఎంగేజ్‌మెంట్ అని దానికి పెద్ద పేరు. వార్త ఏ వేళకి, ఏ శీర్షికతో జనంలోకి వెళ్ళాలో చూడటం, వెళ్ళాక జనం ఏమంటున్నారో చదవటం, అందులో కొత్త వార్తకు దారి దొరికితే విలేకరికి అందించటం, బూతులు తుడిచెయ్యటం. ఈ చివరిదే రోజులో సగం తినేస్తుంది.

పని కొత్తదేమీ కాదు. షార్ట్‌వేవ్ రేడియో కాలంలో బిబిసి హిందీ విభాగానికి శ్రోతలు ఉత్తరాలు రాసేవారు. అవి విప్పి, చదివి, జవాబు చెప్పటమూ ఇదే పని. ఆ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. అప్పుడు ఉత్తరం రాసే మనిషి కార్డు కొని, కింద తన పేరూ ఊరూ రాసేవాడు. ఇప్పుడా ఖర్చూ లేదు, పేరూ అక్కర్లేదు.

నేను పనిచేసిన ప్రతిచోటా యుద్ధం గురించి రాసే కుర్చీలో ఎక్కువగా మగవాళ్ళే ఉన్నారు. ఆ రాతకింద వచ్చిన వెయ్యి వ్యాఖ్యలు చదివే కుర్చీలో ఎక్కువగా ఆడవాళ్ళం ఉన్నాం, అదీ కాంట్రాక్టు మీద. ఎందుకలా అంటే, "మీకు ఓపిక ఎక్కువ, మాట మెత్తన" అన్నారు ఒకచోట. ఇంట్లో వంటకీ పిల్లలకీ చెప్పే కారణమే ఇది! అంట్లు తోమినంతసేపూ ఎవరికీ కనపడదు. తోమకపోతేనే అందరూ వంటింట్లోకి తొంగిచూస్తారు. మా పని కూడా అంతే. వార్తకింద పేరుండదు, బహుమతుల జాబితాలో చోటుండదు. ఒక్క బూతు మిగిలిపోతే మాత్రం పై నుంచి ఫోన్ వస్తుంది.

ఆ బూతులు ఎవరిమీద కురుస్తాయి? గార్డియన్ పత్రిక 2006 నుంచీ తన సైటులో వచ్చిన 7 కోట్ల వ్యాఖ్యల్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. అతి ఎక్కువగా దూషణకు గురైన 10 మంది రచయితల్లో 8 మంది స్త్రీలు. మిగిలిన ఇద్దరూ నల్లజాతి పురుషులు. అతి తక్కువ దూషణకు గురైన 10 మందీ మగవాళ్ళే. 2020లో యునెస్కో మరొక సంస్థతో కలిసి 125 దేశాల జర్నలిస్టుల్ని ప్రశ్నించింది. జవాబిచ్చిన స్త్రీలలో 73 శాతం ఆన్‌లైన్ హింసను అనుభవించామన్నారు. ఆ హింసతో ముడిపడి బయట కూడా దాడికో వేధింపుకో గురయ్యామన్నవాళ్ళు 20 శాతం. ఇవి రాసేవాళ్ళ లెక్కలు. రాసినామె మీద వచ్చిన మురికిని ఆమెకంటే ముందు చదివి, తీసేసే మనిషి ఈ లెక్కల్లో విడిగా కనపడదు. ఆ మనిషి కూడా ఆడదే అయితే ఒక్క తిట్టుకి ఇద్దరం గాయపడినట్టు.

దీన్ని "చెడ్డ మగవాళ్ళు కొందరు" అని తేల్చెయ్యటానికి నేను ఒప్పుకోను. ఫేస్‌బుక్ 2017లో ఒక లైకు కంటే ఒక కోపపు బొమ్మకు 5 రెట్లు విలువ కట్టిందని 2021లో బయటికొచ్చిన ఆ సంస్థ కాగితాలే చెప్పాయి. తర్వాత ఆ విలువ తగ్గించారు, అది వేరే మాట. కోపం రేపే వార్త ఎక్కువమంది ముందుకు పోతుంది, ఎక్కువమంది చూస్తే ప్రకటనల డబ్బు వస్తుంది. మమ్మల్ని తిట్టినవాడి కోపం మీద ఒక కంపెనీ వ్యాపారం చేసుకుంది.

మరి ఈ పని వదిలెయ్యొచ్చు కదా? 2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అకామా అయిపోయినవాళ్ళు జరిమానా కట్టకుండా దేశం విడిచి వెళ్ళొచ్చన్నారు. అప్పుడు నేను గల్ఫ్ వార్తలు చూసే డెస్కులో ఉన్నాను. తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. వార్తకింద వ్యాఖ్యలన్నీ మగవాళ్ళవి, అన్నీ రాజకీయాలు. ఇన్‌బాక్సులో మాత్రం కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఖద్దామా వీసాల మీద ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళ గొంతులు. "అక్కా, పాస్‌పోర్టు కఫీలు దగ్గరుంది, ఔట్‌పాస్ ఇస్తారా?" "మా సేటమ్మ కేసు పెట్టిందంట, నన్ను పోనిస్తారా?" అన్నీ రాత్రి పదకొండు దాటాక, గుసగుసగా పంపిన వాయిస్ మెసేజిలు. మా విలేకరి రాసిన మొదటి వార్తలో ఈ రెండింటికీ జవాబు లేదు. ఆ ప్రశ్నలు పట్టుకెళ్ళి పోరితే రెండో వార్త వచ్చింది. మేము ఇచ్చినవాటిలో పనికొచ్చిన వార్త అదే.

చూపుల సంఖ్య, లైకుల సంఖ్య చూసి "మన పాఠకులు వీళ్ళు" అని సమావేశాల్లో గీతలు గీసి చూపిస్తారు. మొగుడి ఫోన్‌లో వార్త చదివే ఆడది ఆ గీతలో మగవాడిగానే నమోదవుతుంది. ఈ సంగతి చెప్పగలిగేది ఇన్‌బాక్సు చదివేవాళ్ళే. అందుకే ఇది జర్నలిజం అంటున్నాను. న్యూయార్క్ టైమ్స్ 2017లో తన పబ్లిక్ ఎడిటర్ పదవిని తీసేస్తూ, ఇంటర్నెట్‌లోని పాఠకులే ఇక కాపలాదారులంది. మంచిదే. ఆ కాపలాదారుల మాట వినే మనిషికి జీతమెంత, సెలవెంత అన్నది నా ప్రశ్న.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో ప్రూఫ్ రీడర్ పేరు కూడా ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి డిజిటల్ మీడియాను కలుపుకుంది గాని, అందులోనూ అవే పాత హోదాలు. మా పని పేరు లేదు. పేరు లేదు కాబట్టి "నువ్వు మార్కెటింగ్" అనటం యాజమాన్యానికి సులువు.

ఇంకొక చట్టం మాత్రం చేతిలోనే ఉంది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం 19వ సెక్షను, పనిచోట ఎదురయ్యే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించటం యజమాని బాధ్యత అంటోంది. వ్యాఖ్యల పెట్టె నా పనిచోటు కాకపోతే మరేది? తిట్టినవాణ్ణి జైల్లో వెయ్యమని నేను అడగటం లేదు. 66ఎ లాంటి సెక్షను ఎవరిమీదికి తిరుగుతుందో చూశాం, 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నేను అడుగుతున్నది యజమానిని. రోజుకి ఇన్ని గంటలకు మించి ఈ మురికి ఒక్కరికే అప్పగించొద్దు, బెదిరింపు వస్తే సంస్థ పేరున ఫిర్యాదు చెయ్యాలి, రాత్రి షిఫ్టులో ఒంటరిగా కూర్చోబెట్టొద్దు.

నాకు తెలిసిన నాలుగు డెస్కుల్లో ఆడవాళ్ళను అడిగాను. అంతర్గత కమిటీకి ఇంతవరకు ఎవరూ రాయలేదు. "ఎవరి పేరు మీద రాయాలి, వాడి పేరే తెలియదుగా" అన్నారు. యజమాని పేరు తెలుసు కదా అన్నాను. ఈ నెలాఖరుకి ముగ్గురం కలిసి ఒక కాగితం రాసి ఇస్తున్నాం.