ప్రయాణపు పటముల వెనుక వ్రాత

యాత్రకు వెళ్లివచ్చినవారు తాము తెచ్చిన ఫొటోలను ఇరుగుపొరుగువారికి చూపుట నేడు మన యిండ్లలో వాడుక. ఇంద్రేశము, పటాన్‌చెరువు ప్రాంతమున ఎవరి ఫోను తెరచినను మెదకు చర్చి మెట్లయొద్ద నిలిచిన పటమో, ఏడుపాయలలో మంజీరపాయను దాటుచున్న పటమో, శ్రీశైలపు ఘాటురోడ్డు మలుపులో తీసిన పటమో కనబడును. పదియేండ్లు గడచిన పిమ్మట చిత్రము మాత్రము నిలుచును. అది యేనాటిదో, ప్రక్కనున్న వారెవరో చెప్పువారుండరు. కావున పటము తీయుటకంటె దానితో నాలుగు మాటలు వ్రాసియుంచుట ముఖ్యమని నా యభిప్రాయము.

కన్నులకు కనబడుచుండగా వ్రాత యేల యని కొంద రడుగుదురు. వారు ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రను తలచుకొందురు గాక. చెన్నపట్నపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18న కాశికి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరిరి. మజిలీకి మజిలీకి నడుమ దూర మెంత, దారి యెట్టిది, ఏ యూర అంగళ్లున్నవి అని వెంటవెంటనే వ్రాసికొనిరి. ఆ వ్రాతయే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చుపడినది. దగేరు కనిపెట్టిన ఛాయాచిత్రపద్ధతి ప్యారిసులో లోకమునకు వెల్లడియైనది ఆ మరుసటి యేట. ఒక్క పటమైనను లేని ఆ యాత్ర నేటికిని కన్నులకు కట్టినట్లుండును. వేయి పటములు తెచ్చుకొన్న మన యాత్రలు మన మనుమలకు అట్లు తెలియునా?

పటము నేను తక్కువ చేయుట లేదు. ఆరవ నిజాము మహబూబు అలీఖానుగారి కొలువున ఖ్యాతి గాంచి, సికింద్రాబాదులో స్టూడియో నడపిన రాజా దీనదయాళుగారు 1905లో గతించిరి. ఆయన తీసిన అనేక చిత్రములమీద వరుససంఖ్యయు, స్థలము పేరును వ్రాసియున్నవి. అంత గొప్ప చిత్రకారునికే ఆ వ్రాత అవసరమైనది. మనకు వలదనుట వింత.

మా మేనత్త పెట్టెలో చార్మినారు ముందర నిలిచిన అయిదుగురి పటమొకటి కలదు. ఇద్దరి పేర్లే మాకు తెలియును. తక్కినవారిని గుర్తెరిగిన ముసలివారు కాలము చేసిరి. వారిలో నొకని చేతనున్న ట్రంకుపెట్టెమీది పేరు భూతద్దముతో చూచినను చదువరాదు.

పటమునకు అందని సంగతులును కలవు. మెదకు చర్చి ముందర తీసిన పటములన్నియు ఒకేతీరున నుండును. చార్లెసు వాకరు పాస్నెటు దొరగారి పూనికను 1914లో ఆ కట్టడము మొదలై 1924 డిసెంబరు 25న ప్రారంభమైనదనియు, కరవుకాలమున కూలివాండ్రకు అది కూడు పెట్టినదనియు ఏ పటము చెప్పును? తాతగారి తాత యెవరైన అచ్చట రాళ్లు మోసియున్నచో, ఆ మాట పటము వెనుక నుండదగినది కాదా?

ఈ ప్రాంతమున ఈ పని మరింత త్వరపడి చేయవలెను. 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాటు నెలకొన్నది, కార్ఖానాలు పెరిగినవి, జొన్నచేలున్న చోట నేడు గోడలును, అంతస్తుల యిండ్లును లేచినవి. ఒడిశానుండి, బీహారునుండి పనికై వచ్చినవారి ఫోనులలో విడిచివచ్చిన యింటి పటములున్నవి. ఆ తండ్రి ఏ రైలెక్కి, చేత నేమి పట్టుకొని, ఎవరి మాటమీద ఇచ్చటికి వచ్చెనో బిడ్డ యడిగి వ్రాసికొననిచో, ఇచ్చట పుట్టిన ఆ బిడ్డకు అది యెవరిదో పెంకుటిల్లుగా మిగులును.

పనిలో కష్ట మేమియు లేదు. కాగితపు పటమైనచో వెనుకప్రక్క అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను; బాల్‌పెన్ను అదిమి వ్రాసినచో గుర్తు ముందరికి తేలును. జిగురుపుటల ఆల్బములలో నంటింపరాదు. ఆ జిగురు కాలక్రమమున పటమును చెరచును. ఫోనుపటములో తేదీ దానంతటదే యుండునని నమ్మి యూరకుండరాదు. వాట్సాపుమీద ఫొటోగా పంపినచో అందు దాగియున్న తేదీయు, స్థలమును సాధారణముగ తొలగిపోవును. ఒక నోటుపుస్తకము చాలును. వచ్చు సెలవులలో అవ్వనో తాతనో ప్రక్కను కూర్చుండబెట్టుకొని పేర్లు ముందుగా వ్రాసికొనుడు, తేదీ తరువాత చూచుకొనవచ్చును. మంజీర యొడ్డున తీసిన పటమైనచో ఆ యేడు నీరు ఏ మెట్టుదాక వచ్చెనో కూడ అడుగుడు.