నొప్పి లేదని ఊరుకుంటే ముప్పే: గుట్కా పోయినా వక్క పోలేదు

జగ్గయ్యపేట, నందిగామ: ఉమ్మడి రాష్ట్రంలో గుట్కాను 2013 జనవరిలో నిషేధించారు. ఆ తర్వాత దుకాణాల్లో పొగాకు కలిపిన ఒక్క ప్యాకెట్ బదులు రెండు ప్యాకెట్లు వచ్చాయి. ఒకదాంట్లో పాన్ మసాలా, రెండోదాంట్లో జర్దా. కొన్నవాళ్లే అరచేతిలో కలుపుకుంటారు. నిషేధం పూర్తిగా అమలు కావాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అయినా హైదరాబాద్–విజయవాడ హైవే మీద లారీ డ్రైవర్లకు, మిర్చి యార్డు హమాలీలకు, సిమెంటు ఫ్యాక్టరీ కూలీలకు ఈ అలవాటు పోలేదు.

2022 గ్లోబోకాన్ అంచనా ప్రకారం దేశంలో ఆ ఏడాది దాదాపు 1.43 లక్షల మందికి పెదవి, నోటి క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు.

"మా ఇంట్లో సిగరెట్ లేదు, మందు లేదు, మాకెందుకు వస్తుంది?" అనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. వలీమాలో ఎప్పుడో ఒక మీఠా పాన్ వేసుకోవడం వేరు, పాన్‌దాన్ పక్కన పెట్టుకుని రోజంతా సుపారీ నమిలే నానీమా అలవాటు వేరు. ఎన్నిసార్లు, ఎన్నేళ్లు నమిలితే ముప్పు అంత పెరుగుతుంది. పొగాకుకు మద్యం తోడైతే మరీ ఎక్కువ.

మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. అందుకే ఈ గుర్తులు తెలిసి ఉండాలి:

– రెండు వారాలు దాటినా మానని పుండు
– తుడిచినా పోని తెల్ల మచ్చ, లేదా ఎర్ర మచ్చ
– నోట్లో గడ్డ, మెడ దగ్గర వాపు
– కారణం లేకుండా పన్ను కదలడం, రక్తం, తిమ్మిరి
– మింగడం కష్టం కావడం

ఇంకొకటి ఉంది. మిర్చి పండించే ఊళ్లో పుట్టి, పచ్చడి నోట్లో పెట్టగానే మంట తట్టుకోలేకపోతుంటే, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోతే, వక్క వల్ల బుగ్గల లోపలి చర్మం గట్టిపడుతోందని అనుమానించాలి. అది క్యాన్సర్ కాదు గానీ క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. వక్క అప్పుడే మానేయాలి.

పరీక్షకు యంత్రాలు అక్కర్లేదు. నోరు తెరిచి వెలుతురులో చూస్తే చాలు. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇలా చూడడం వల్ల పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఈ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమం. మన రాష్ట్రంలోనూ 2024 నవంబరులో ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది.

ఏఎన్ఎం ఇంటికొచ్చినప్పుడు మగవాళ్లు పనిలో ఉంటారు. ఆడవాళ్లు సిగ్గుపడి "ఏమీ లేదమ్మా" అని పంపేస్తారు. సుపారీ సంగతి ఎవరూ చెప్పరు. అలా జాబితాలో "సమస్య లేదు" అని పడిపోతుంది. పరీక్ష చేసేదీ ఆడమనిషే కాబట్టి దాచుకోవాల్సిన పని లేదు. జుమా తర్వాత మస్జిద్ కమిటీ రెండు నిమిషాలు ఈ మాట చెప్పినా ఇంటింటికీ చేరుతుంది.

గుర్తులు కనిపిస్తే స్థానిక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లవచ్చు. క్యాన్సర్ చికిత్సకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది. మానాలనుకునేవాళ్లకు ఉచిత సలహా నంబరు 1800-11-2356. తొలి దశలో దొరికితే చిన్న ఆపరేషన్‌తో బయటపడే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే దవడ తీసేయాల్సి రావచ్చు, ఇంటి సంపాదన కూడా ఆగిపోవచ్చు.