తెరిచి చూడగలిగే బండి

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు ట్రాక్, మధ్యలో ఇంజిన్. మంచు అనేది నేను ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. అయినా 1970ల నాటి స్నోమొబైళ్లను అమెరికా, కెనడాల్లో జనం షెడ్లలో కూర్చుని ఎలా బాగుచేసుకుంటారో ఏడాదిగా వదలకుండా చూస్తున్నాను. చూసేకొద్దీ నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది. ఆ పాత బండ్లు ఇంకా నడుస్తున్నాయంటే ముఖ్య కారణం, కొనుక్కున్నవాడు స్పానర్ పట్టుకుని వాటిని తెరవగలగడం. ఇప్పటి బండ్లకు ఆ తలుపు మూస్తున్నది సాఫ్ట్‌వేర్. అంటే రేపు మన క్లాసులో సగం మంది చేయబోయే ఉద్యోగం.

ఈ బండి కథ క్విబెక్‌లోని వాల్కోర్ అనే చిన్న ఊళ్లో మొదలవుతుంది. జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అక్కడ గ్యారేజీ నడిపేవారు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరింది. రోడ్లన్నీ మంచులో కూరుకుపోయి ఆస్పత్రికి తీసుకెళ్లే దారి లేక ఆ బాబు చనిపోయాడు. అంతకుముందు నుంచే మంచుబండ్ల మీద ప్రయోగాలు చేస్తున్న ఆయన 1937లో తన ట్రాక్ పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నారు. 1959లో ఒకరిద్దరు కూర్చునే స్కీ-డూ వచ్చింది. తర్వాత పదేళ్లలో 100కు పైగా కంపెనీలు ఈ వ్యాపారంలోకి దూకాయి. 1973 చమురు సంక్షోభం వచ్చాక చాలావరకు మూతపడ్డాయి.

కంపెనీయే లేనప్పుడు దాని బండి ఎలా బతికింది? చాలా కంపెనీలు ఇంజిన్లు, కార్బొరేటర్లు బయట కొనేవి. రోటాక్స్ ఇంజిన్, టిలోట్‌సన్ లేదా మికుని కార్బొరేటర్, మామూలు స్పార్క్ ప్లగ్. మికుని పేరు విని మీలో ఎవరికైనా ఆర్‌ఎక్స్ 100 గుర్తొస్తే కరెక్టే, అందులోనూ అదే కంపెనీ కార్బొరేటర్. ఇంజిన్ కూడా అదే టూ-స్ట్రోక్ పద్ధతి. మన బంకుల్లో టూటీ ఆయిల్ పోయించుకున్న తరానికి ఈ మంచుబండి సగం తెలిసినట్టే. క్లచ్ సంగతి అడిగితే స్కూటీ విప్పిన ఏ మెకానిక్ అయినా గుర్తుపడతాడు: రెండు పుల్లీలు, మధ్యలో బెల్టు, స్పీడును బట్టి ఒక్కో పుల్లీలోని రెండు సగాలు దగ్గరకీ దూరానికీ జరుగుతుంటాయి.

రిపేర్ మాత్రం తేలిక కాదు. వేసవంతా షెడ్డులో ఉన్న బండి హుడ్ తీస్తే ముందు ఎలుకల గూడు బయటపడుతుంది (ఫ్యాన్ కవర్ లోపల పెడతాయి, అక్కడ వాటికి భలే వెచ్చదనం). పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ డయాఫ్రమ్‌లు పాడవుతాయి. ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లకు ఈ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు. వీటన్నిటికన్నా ప్రమాదం క్రాంక్‌షాఫ్ట్ సీలు. అది ఎండి చిట్లితే లోపలికి గాలి లాగుతుంది. పెట్రోలు పాళ్లు తగ్గి, దానితోపాటు వెళ్లే ఆయిలూ తగ్గి, పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కి పట్టేస్తుంది. బండి ఆ ముందురోజు వరకూ చక్కగానే నడుస్తుంది! అందుకే తెలిసినవాళ్లు పాత బండి కొనగానే స్టార్ట్ చేయరు. కంప్రెషన్ చూస్తారు, ఇంజిన్‌లోకి కొద్దిగా గాలి కొట్టి ఎక్కడైనా లీకవుతోందా అని చూస్తారు. ఇది అచ్చం డీబగ్గింగే, కాకపోతే చేతులకు గ్రీజు అంటుతుంది.

స్కీ-డూ ఇలాన్ అనే చిన్న మోడల్ 1971 నుంచి 1996 వరకు పెద్ద మార్పులు లేకుండా తయారైంది. పాతికేళ్లు! మన ఫీల్డులో అయితే దాన్ని ఔట్‌డేటెడ్ అని నవ్వేవాళ్లం. చాలా పాత బండ్లలో స్టార్టర్ తాడు తెగితే ఇంకో తాడు క్లచ్ పుల్లీకి చుట్టి లాగి ఇంటికి చేరొచ్చు. మైనస్ 30 డిగ్రీల్లో ఊరికి దూరంగా ఆగిపోయిన మనిషికి ఆ తాడే ప్రాణం.

కొత్త స్కీ-డూల్లో ఎలక్ట్రానిక్ తాళం ఉంటుంది. దాని కోడ్ కంప్యూటర్‌తో సరిపోలితేనే బండి కదులుతుంది. ఇంకో తాళం జతచేయాలంటే మామూలుగా డీలర్ దగ్గరి సాఫ్ట్‌వేర్ కావాలి. దొంగతనాలు ఆపడానికి పెట్టారు, అందులో తప్పేం లేదు. మరి ఆ డీలర్ మూసేశాక? ఆర్‌ఎక్స్ 100 చేసిన యమహాయే 1968 నుంచి స్నోమొబైళ్లు అమ్మి, ఆ వ్యాపారం ఆపేస్తున్నట్టు 2023లో ప్రకటించింది. ఏ కంపెనీ అయినా వెళ్లిపోవచ్చు. విరిగిన బోల్టుకు బదులు లేత్ మీద ఇంకోటి తిప్పించుకోవచ్చు. పోయిన సర్వీస్ సాఫ్ట్‌వేర్‌ను ఏ లేత్ మీద తిప్పిస్తాం?

పాత టూ-స్ట్రోక్‌ల పొగ సంగతి దాచను. లోపలికి వెళ్లిన పెట్రోల్లో పావు వంతు దాకా కాలకుండానే బయటికి పోతుంది. ఎల్లోస్టోన్ పార్కు గేటు దగ్గర రేంజర్లు ఆ పొగకి మాస్కులు పెట్టుకుని డ్యూటీ చేసిన రోజులున్నాయి. కొత్త ఇంజిన్లు చాలా శుభ్రమైనవి, దానికి కంప్యూటర్ కావాల్సిందే. కానీ గాలిని శుభ్రంగా ఉంచేది ఎంత పెట్రోలు చల్లాలో లెక్కగట్టే ప్రోగ్రామ్. ఎర్రర్ కోడ్ చదవనివ్వకపోవడం, తాళం జతచేయనివ్వకపోవడం వేరే ప్రోగ్రామ్. మొదటిదానికి సీలు వేయండి, ఒప్పుకుంటా. రెండోదాన్ని మొదటిదాని చాటున దాచడం నాకు నచ్చదు.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ యంత్రాల రిపేర్ సమాచారం ఒకచోట పెట్టాలని దాని ఉద్దేశం. నేను అడిగేది ఇంకొంచెం ఎక్కువ. ఒక మోడల్ తయారీ ఆపేసిన రోజున, దాని సర్వీస్ సాఫ్ట్‌వేర్, తాళం జతచేసే పద్ధతి ఆ బండి కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చేయాలి. స్నోమొబైల్‌కైనా, మన ఎలక్ట్రిక్ స్కూటర్‌కైనా, ట్రాక్టర్‌కైనా.